మార్జిన్ దాటిన గీత

నలభై మూడో జవాబు పత్రం.
మణికట్టులోని ఎముకల పేర్లు రాయుము.
ఏడింటి దాకా రాసింది నెస్తాన్,
గుండ్రటి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు.
ఎనిమిదో అంకె వేసి పక్కన చుక్క పెట్టింది.
అక్కణ్ణుంచి
పెన్ను తనంతట తాను నడిచింది
వాలుగా, వణుకుతూ, మార్జిన్ దాటి
కాగితం అంచు దాకా.
అక్కడ సిరా కొంచెం ఉబ్బి ఆగింది.

ఇరవై రెండేళ్లుగా ఈ కుతైసిలో
శరీర నిర్మాణం చెబుతున్నాను.
ఆ గీత నాకు కొత్త కాదు.
రాత్రంతా ఫోను, లేదా పక్కవీధి ద్రాక్షసారా,
లేదా జూన్ నెలలో ఎవరికైనా వచ్చే ప్రేమ
అని తేల్చేసుకున్నాను,
ఎర్ర పెన్ను మూత తియ్యకముందే.

పిలిచి అడిగాను.
"పదింటికే పడుకున్నాను మేడమ్. ఆరింటికి లేచాను.
ఎనిమిది గంటలు."
వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చూపించింది.
కళ్ల కింద మాత్రం
ఎవరో బొగ్గు చేత్తో తుడిచి వదిలేసినట్టుంది.

ఆకలి రుచెరగదట, నిద్ర సుఖమెరగదట.
ఆ మాట పుట్టించినవాడెవడో
రొట్టెల కొట్టు పైన అద్దెకున్నవాడు కాదు.

రియోని వంతెన దిగగానే ఎడమ పక్క,
ఇనుప మెట్లెక్కితే ఆమె గది.
కింద మట్టి పొయ్యి. తోనె అంటాం మేము.
మనిషి దిగేంత లోతు.
రెండున్నరకి అందులో కట్టెలు పడతాయి.
మూడింటికి జుంబేరి పిండిముద్దని బల్లకేసి బాదుతాడు.
ధప్.
అటు తిరిగి పడుకుంటుంది.
ధప్.
కలలో ఎవరో తలుపు కొడతారు. లేచి తీస్తుంది. ఎవరూ ఉండరు.
ధప్.
నాలుగింటికి గోడ వేడెక్కుతుంది, దుప్పటి తన్నేస్తుంది.
ఐదింటికి వ్యాను వెనక్కి నడుస్తూ కూస్తుంది.
మేలుకుందనీ అనలేం, నిద్రపోయిందనీ అనలేం.
కునుక్కీ కునుక్కీ మధ్య మాగన్ను,
అతుకుల బొంత లాంటి ఎనిమిది గంటలు.

రాత్రి చదివిన చదువు కూడా కలిపిన పిండేనేమో.
గుడ్డ కప్పి, కదపకుండా వదిలేస్తే గాని పొంగదు.
ఆమె గిన్నె మీద గుడ్డని
గంటకోసారి ఎవరో ఎత్తి చూస్తున్నారు.

అద్దె ఎంతని అడిగాను. చెప్పింది.
వేరే గది చూసుకోమనే మాట
నోట్లోనే ఉండిపోయింది.
ఊరుకోలేక, నిద్ర గురించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను,
మెదడు బొమ్మ గీసి మరీ.
ఆమె తలూపుతూనే నా కోటు వైపు చూసింది.
గుండీల మీద రొట్టె పొడి.

రోజూ ఆరుంబావుకి,
పడవలా కొనలు తీరిన రొట్టె, పొగలు కక్కుతుండగా,
ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ
తింటూ వస్తాను కాలేజీకి.
జుంబేరి కొట్లోదే.

మర్నాడు కొనలేదు.
"ఒంట్లో బాగాలేదా, అమ్మా?" అన్నాడు కిటికీలోంచి,
మోచేతుల దాకా పిండితో.
ఒక్క రొట్టె తగ్గితే పొయ్యి ఆరదు.
అతనికీ రాత్రిళ్లు లేవు.
మూడో రోజు మళ్లీ కొన్నాను.

మార్కులా? ఏడుకి ఏడే వేశాను.
గీతకి మార్కు ఉండదు.

కానీ ఎముకల గది తాళంచెవి ఇచ్చాను,
మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా.
మందపాటి గోడలు, ఉత్తరం కిటికీ, పొడవాటి బల్ల.
అక్కడ ఎవరూ చప్పుడు చెయ్యరు,
ఉన్నవాళ్లందరూ ఎప్పుడో ఆపేశారు.

నిన్న ఏదో పుస్తకం కోసం వెళ్లాను.
బల్ల మీద బోర్లా పడుకుని ఉంది, నోరు కొంచెం తెరిచి,
చెంప కింద నా పాత తెల్లకోటు.
ఒక చెయ్యి బల్ల మీంచి జారి
అరచెయ్యి పైకి తిరిగి వేలాడుతోంది.
మణికట్టు మడత దగ్గర, చిటికెనవేలి వైపు,
బఠాణీ గింజంత చిన్న ఉబ్బు.

ఎనిమిదోది.

లేపలేదు.
పుస్తకం లేకుండానే
చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాను.